నా ఈస్ట్, వాళ్ళ డ్రైను

జూన్ 9

శ్రీనివాస్ మళ్ళీ అన్నాడు — "మేడమ్ గారి కల్లు ఈస్టు." ప్లాంటు మేనేజరు. షిఫ్టు వాళ్ళందరి ముందు, చూడ్డానికి వచ్చిన బ్యాంకు ఆయన ముందు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వకపోతే "మేడమ్‌కి కోపం వచ్చింది" అని ఇంకోసారి నవ్వుతారు. కోపం రాలేదు. ఎప్పుడూ ఉండేదే, కొత్తగా రావడానికి ఏముంది.

అతని నవ్వు మాట పూర్తి కాకముందే మొదలవుతుంది. అదే నాకు పడదు.

బయట నలభై మూడు డిగ్రీలు. ఉక్క. కూలింగ్ టవరు ఉన్నా లేనట్టే. పులియబెట్టడానికి బయట కొనే ఈస్ట్ అయితే ఈ వేడికి మధ్యాహ్నంలోపే చచ్చి అడుగున పడేది. నాది పనిచేస్తోంది. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి చూశాను. జ్వరం వచ్చిన మనిషి ఒళ్ళులా ఉంది. లోపల నూకల జావ పొంగుతోంది. రేపటికి ఆల్కహాలు.

కల్లు ఈస్టే. అయితే ఏంటి.

జూన్ 10

ఎండీ వెంకటరత్నం గారు వచ్చారు. మండపేటలో రైసు మిల్లులు, ఇప్పుడు మిల్లుల్లో మిగిలే నూకలతో ఈ ఇథనాల్ ప్లాంటు. "సుజాత గారూ, మీరు మా పాలిట లక్ష్మీదేవండి." లూథరన్ చర్చి బడిపంతులు కూతుర్ని లక్ష్మీదేవిని చేశారు. తల ఊపాను. జీతం ఇచ్చేవాళ్ళు ఏ దేవతని చేసినా ఊపాలి.

జూన్ 14

ఆదివారం. ఆరాధనకి వెళ్ళలేదు. రాజమండ్రి ఫ్లాటులో ఫ్యాను కింద ఒక్కదాన్నే. పాతవి తవ్వుకుంటూ కూర్చున్నాను. మంచిది కాదని తెలుసు.

"కల్లు లొట్టిలో పరిశోధనేంటమ్మా?" — యూనివర్సిటీలో మా గైడు. ఆ ఒక్క ప్రశ్నతో నా మొదటి ప్రాజెక్టు పోయింది. అయినా తిరిగాను. పిఠాపురం వైపు తాటితోపుల్లో తెల్లారకముందే నిలబడి, చెట్టు దిగిన లొట్టిలోంచి చెంచాడు కల్లు సీసాలో పోయించుకుని, ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. పక్క సీటు వాళ్ళు ముక్కు మూసుకునేవారు. మే నెల ఎండలో, నల్లటి లొట్టిలో, చెట్టు మీద — అక్కడ బతికే ఈస్ట్‌కి వేడి లెక్కేంటి అని నా ఆలోచన. సరైన ఆలోచనే. ఎవరూ ఒప్పుకోలేదు.

నాన్న మాట్లాడడం మానేశారు. "లూథరన్ మాస్టారి అమ్మాయి కల్లుపాకల వెంట తిరుగుతోందంట" అని ఎవరో అన్నారట. పోయేదాకా ముక్తసరిగానే — అన్నం తిన్నావా, బస్సు దొరికిందా, అంతే.

తెచ్చిన ఈస్ట్‌ని వేడికి అలవాటు చేయడం ఇంకో పెద్ద పని. సగం డిగ్రీ పెంచు. చాలావరకు చస్తాయి. మిగిలినవాటిని పెంచు. మళ్ళీ సగం డిగ్రీ. నా వయసంతా అందులోనే పోయింది. ఈలోపు ప్రొఫెసరు పోస్టు ఇంకొకరికి ఇచ్చారు. ఆ పేరు ఈ పుస్తకంలో పడనివ్వను.

అప్పుడొచ్చారు వెంకటరత్నం గారు. ఒప్పందంలో ఒకటే షరతు — నేను పెంచిన ఈస్ట్ కల్చర్లన్నీ కంపెనీవి, బయట ఎక్కడా ఉంచకూడదు. సంతకం చేశాను. ఎవరూ అడగని బిడ్డని ఒకాయన అడిగాడు, ఇచ్చేశాను.

జూన్ 19

అక్క ఫోను. చాలా రోజులకి.

"నువ్వేనా ఆ ఫ్యాక్టరీలో పెద్ద?"

"పెద్దనేం కాదు. ఈస్ట్ చూస్తాను."

"మరి ఈ కంపు ఎవరు చూస్తారు?"

కరుణక్క ఇల్లు ప్లాంటు వెనక ఊళ్ళోనే. మా గోడ దాటితే డ్రైను, డ్రైను పక్కనే పొలాలు, పొలాల చివర వాళ్ళ పేట, చర్చి. బావ రెండెకరాలు కౌలుకి చేస్తాడు. అక్క ఎయిడెడ్ బడిలో తెలుగు చెప్పి రిటైరయింది. ఇప్పటికీ ఫోనులో మాట్లాడినా బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు ఒక్కో మాట విడిగా పలుకుతుంది.

"మొన్న ఆదివారం ఆరాధనలో కిటికీలన్నీ మూసుకుని పాడాం సుజా. ఉక్కకి ఇద్దరు ముసలమ్మలు పడిపోయారు."

కనుక్కుంటానన్నాను. "కనుక్కో" అని పెట్టేసింది.

జూన్ 20

నాకు కంపు తెలియడం లేదు. లోపల పనిచేసేవాళ్ళ ముక్కుకి తెలియదు. అలా అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

జూన్ 26

గోడ వెనక్కి వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా, భోజనాల వేళ.

గొట్టం ఉంది. గడ్డి కప్పేసి ఉంది గానీ ఉంది. అందులోంచి గోధుమరంగు వేడినీళ్ళు, ఆవిరి కక్కుతూ, తిన్నగా డ్రైనులోకి. డ్రైను నల్లగా, పైన మీగడ కట్టినట్టు తెట్టు.

ఏమిటో తెలియడానికి పరీక్షలేం అక్కర్లేదు. పులిసిన జావని కాచి ఆల్కహాలు తీసేశాక మిగిలే గంజి అది. దాన్ని ఆరబెట్టి పశువుల దాణా చేయాలి. కాగితాల మీద చేస్తున్నాం. అందులో ఉండేవి ఉడికి చచ్చిన నా ఈస్ట్. అది నీళ్ళలో పడితే సూక్ష్మజీవులన్నీ దాని మీద పడి, నీళ్ళలో ఉన్న ప్రాణవాయువంతా తాగేస్తాయి. చేపకి ఊపిరుండదు.

ఇరవై ఏళ్ళు పెంచినవాటి శవాలు. అక్క ఊరి డ్రైనులో.

జూన్ 27

శ్రీనివాస్‌ని అడిగాను. కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను తిప్పుతూ —

"వాన నీళ్ళు మేడమ్."

"వాన నీళ్ళు ఆవిరి కక్కుతాయా?"

"గంజి ఆరబెట్టడానికి డ్రయ్యర్ ఆర్డరు పెట్టామండి. ఈలోపు ప్లాంటు ఆపమంటారా? ఆపితే మీ ఈస్టు ఏం తింటుంది?"

నవ్వు మొదలైంది. నేను లేచి వచ్చేశాను.

డ్రయ్యర్ ఆర్డరు పెట్టలేదు. స్టోర్సు ఆయన్ని అడిగాను. "ఏ డ్రయ్యరండి?" అన్నాడు.

జూలై 2

ఎండీ గారు పిలిచారు. కాఫీ ఇచ్చారు. స్టీలు గ్లాసు, పైన నురగ — బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

"సుజాత గారూ, మీ పని ఈస్టు. అందులో మీ మాటకి ఎదురు చెప్పేవాడు లేడు. నీళ్ళ సంగతి మాకు వదిలేయండి. ఆరు నెలల్లో అన్నీ వస్తాయి. కొత్త ప్లాంటన్నాక బాలారిష్టాలు ఉంటాయి కదండి."

"ఆరు నెలలూ ఆ ఊరు ఏం చేయాలండి?"

"ఆ ఊళ్ళో మీ అక్క గారు ఉన్నారు కదా." కాఫీ తాగుతూ, నా మొహంలోకి చూడకుండా. "ఆవిడకి ఏదైనా కావాలంటే చెప్పండి."

నేను చెప్పకుండానే అక్క సంగతి ఈయనకి తెలుసు. దాని కంటే — ఏదైనా కావాలంటే. అక్కకి. ఆ మాట అక్క వింటే గ్లాసు మొహాన కొట్టేది. నేను ఖాళీ చేసి బల్ల మీద పెట్టాను.

జూలై 8

నాలుగో ట్యాంకు పుల్లబడింది. ఆల్కహాలు సగానికి పడిపోయింది. శ్రీనివాస్ నేరుగా ఎండీకి ఫోను — "చెప్పాను కదండి, దేశవాళీది. నమ్మకం ఉండదు."

ఊరుకోలేదు. చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి ఫోటో తీసి ఇద్దరికీ పంపాను. నా ఈస్ట్ గుండ్రంగా, నిండుగా, బాగానే ఉంది. దాని చుట్టూ సన్నటి పుల్లల్లాంటి బాక్టీరియా, చీమల బారులా. పాలు పెరుగు చేసే జాతి. ట్యాంకు ఆవిరితో సరిగ్గా కడగకపోతే వచ్చేది. బాయిలరులో ఊక ఆదా చేయడానికి ట్యాంకులకి ఆవిరి పట్టే సేపు ఎవరు తగ్గించారో షిఫ్టు వాళ్ళంతా చెప్పారు.

ఎండీ గారు ఫోనులో శ్రీనివాస్‌ని తిట్టారు. స్పీకరు పెట్టి తిట్టారు, నేను వినాలని. విన్నాను. ఇంటికొచ్చి పెరుగన్నం రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. ఇంత ఆకలి ఈ మధ్య వేయలేదు.

జూలై 13

అక్క ఇంటికి వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళడం తప్పైంది.

అరుగు మీదే కూర్చోబెట్టింది. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళిచ్చింది, బాటిల్ నీళ్ళు — "బోరు నీళ్ళు ఇప్పుడు తాగట్లేదు మేం." గ్లాసు నా చేతికివ్వలేదు, పక్కన పెట్టింది.

బావ వచ్చాడు. సార్వా వరి ఊడ్పులు అవుతున్నాయి. మోకాళ్ళ కింద నుంచి పాదాల దాకా ఎర్రగా దద్దుర్లు, కొన్నిచోట్ల తోలు లేచిపోయి ఉంది. "ఆ నీళ్ళే తోడుకోవాలి కదమ్మా. ఇంకెక్కడివి?" కోపంగా కాదు. బావకి కోపం రాదు. అది ఇంకా కష్టం.

అక్కకి వస్తుంది.

"జెల్ల చేపలన్నీ చచ్చి తేలాయి. కొర్రమేను కూడా చచ్చిందే సుజా, బురదలో బతికేది. గేదెలు ఆ గట్టు దిగట్లేదు. పిల్లలు రాత్రుళ్ళు కక్కుకుంటున్నారు. నువ్వేమో అక్కడ ఏసీ గదిలో దేన్నో పెంచుతున్నావు."

"నేను ఆ గొట్టం పెట్టలేదక్కా."

"పెట్టావని అన్నానా? చూశావా లేదా?"

"చూశాను."

"ఎప్పుడు?"

చెప్పాను. అక్క వేళ్ళ మీద లెక్క పెట్టలేదు. చీర కొంగు దులిపి లేచింది.

"నాన్న ఉంటే —"

"నాన్న ఉంటే కల్లు గురించి మాట్లాడేవారు. నీళ్ళ గురించి కాదు. నా గురించి ఆయనకి అంతకంటే ఏం తెలుసు?"

అంత గట్టిగా అనాల్సింది కాదు. పక్కింటి ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. అక్క లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. మూయలేదు. దగ్గరగా వేసింది. బావ చెప్పులేసుకుని బస్సు స్టాపు దాకా వచ్చాడు. దారంతా వానల గురించి మాట్లాడాడు.

జూలై 14

ఇంకోసారి వెళ్ళను.

జూలై 15

ఇంకోసారి వెళ్ళను అని రాసుకున్నదాన్ని చూసి సిగ్గేసింది. కొట్టేయను. ఉండనీ.

జూలై 22

ప్లాంటు రెట్టింపు చేస్తారట. దానికి ప్రజాభిప్రాయ సేకరణ. ఊరి హైస్కూలు మైదానంలో, అధికారులు వచ్చి కూర్చుని ఊరివాళ్ళ మాట వింటారు.

ఎండీ గారు మళ్ళీ కాఫీ. ఈసారి శ్రీనివాస్ కూడా ఉన్నాడు, నోరు మూసుకుని.

"మీరు వేదిక మీద మాట్లాడాలండి. మీరు ఈ ప్రాంతం మనిషి. ఆడమనిషి. శాస్త్రవేత్త. నేను చెప్తే వ్యాపారం అంటారు, మీరు చెప్తే వింటారు."

"ఏం చెప్పాలి?"

"మీ ఈస్టు గురించి చెప్పండి. నూకలకి రేటు పెరిగిందని చెప్పండి. నీళ్ళ గురించి ఎవరైనా అడిగితే — అంతా శుద్ధి చేసే వదులుతున్నాం అని ఒక్క ముక్క."

తర్వాత చెప్పారు అసలుది. రాజమండ్రిలో సొంత పరిశోధన కేంద్రం. నా పేరుతో. ఈస్ట్ మీద పేటెంటు నా పేరున, కంపెనీ లైసెన్సు తీసుకుంటుంది. నలుగురు స్కాలర్లు. "యూనివర్సిటీ వాళ్ళే మీ దగ్గరికి రావాలండి అప్పుడు."

ఎక్కడ నొప్పో ఈయనకి తెలుసు. డాక్టరులా అక్కడే వేలు పెట్టాడు.

ఆలోచిస్తానన్నాను. అబద్ధం. ఇంటికొచ్చేసరికే ఆ కేంద్రంలో ఫ్రీజరు ఏ మూల ఉండాలో, కిటికీలు ఎటు ఉండాలో కూడా అనుకున్నాను.

జూలై 25

గైడు గారి మొహం గుర్తు తెచ్చుకుంటున్నాను. ఆయన వచ్చి నా గది బయట కుర్చీలో కూర్చోవడం. "మేడమ్ మీటింగులో ఉన్నారండి, వెయిట్ చేయండి" అని ఎవరో చెప్పడం. చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ అదే.

జూలై 30

ఒప్పుకున్నాను. ఈస్ట్ గురించి మాత్రమే మాట్లాడతానని. నీళ్ళ గురించి అడిగితే అధికారులే చూడాలంటానని. అది అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకోవడం — ఇక్కడ రాస్తే ఎంత చవకగా కనిపిస్తోందో.

ఆగస్టు 5

అయిపోయింది.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తాడు కట్టి పోలీసులు. ముందు వరసలన్నీ మండపేట మిల్లుల జట్టు కూలీలు — ట్రాక్టర్లలో తెచ్చి, అందరికీ ఒకే రంగు టోపీలు పెట్టారు. ఊరివాళ్ళు వెనక ఎండలో. ఆడవాళ్ళు ఒక పక్క. అక్క నీలం చీర, చేతిలో గొడుగు, మూసి పట్టుకుంది. గాలి ఊరి వైపు నుంచి రావడం లేదు, ప్లాంటు నుంచి వస్తోంది. అధికారి గారు రుమాలు ముక్కుకి పెట్టుకుని తీసేశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

నేను మాట్లాడాను. బాగానే మాట్లాడాను. తాటిచెట్ల గురించి, వేడి గురించి, ఈ నేల మీద పుట్టిన ఈస్ట్ ఈ నేల నూకలని ఇంధనం చేస్తోందని. టోపీలవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొడుతూనే ఉన్నారు, ఎవరో ఆపమనేదాకా.

తర్వాత ఊరివాళ్ళ ప్రశ్నలు. అక్క మైకు దగ్గరికి వచ్చింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది. నాకు. చెల్లెలికి.

"మేడమ్ గారూ, నా పేరు కరుణండి. ఈ ఊరేనండి. తెలుగు పంతులమ్మగా చేశాను, సైన్సు నాకు తెలీదు. మీ గోడ వెనక గొట్టంలోంచి వచ్చేది వాన నీళ్ళని మేనేజరు గారు మా వాళ్ళతో అన్నారండి. మీరూ అదే అంటారా?"

బ్లాక్‌బోర్డు మాటలు. ఒక్కోటి విడిగా. పక్కన శ్రీనివాస్ నా వైపు వంగాడు. "అధికారులు చూస్తారని చెప్పండి మేడమ్, అదే కదా అనుకున్నది" — ఆ నవ్వు. మొదలైంది.

"వాన నీళ్ళు కావు" అన్నాను.

మైకులో నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఆపలేదు. ఆల్కహాలు తీసేశాక మిగిలే గంజి అన్నాను. ఆరబెట్టే యంత్రం లేదు, ఆర్డరు కూడా పెట్టలేదు అన్నాను. చేపలు ఎందుకు చచ్చాయో, కాళ్ళకి ఎందుకు దద్దుర్లు వస్తున్నాయో చెప్పాను. అధికారి గారు రాసుకోవడం ఆపి నన్నే చూశారు, తర్వాత గబగబా రాసుకున్నారు. ఎండీ గారు లేవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

న్యాయం కోసం చెప్పానని రాసుకోవచ్చు. అక్క కోసమని రాసుకోవచ్చు. ఆ నవ్వు మొదలవకపోతే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు.

అక్క మైకు వదిలి ఆడవాళ్ళలోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆగస్టు 6

గేటు దగ్గర ఆపేశారు. రోజూ "గుడ్ మార్నింగ్ మేడమ్" అనే సెక్యూరిటీ ఆయన కిందకి చూస్తూ, "పాస్ లేదంటండి." నా టిఫిన్ డబ్బా, చెప్పులు, తెల్లకోటు ఒక నూకల గోతంలో కట్టి బయటికిచ్చారు.

"నా కల్చర్లు?"

శ్రీనివాస్ ఫోనులో. "కంపెనీ ఆస్తి కదా మేడమ్. మీరే సంతకం పెట్టారు."

గోతం భుజాన వేసుకుని బస్సెక్కాను. నూక పొడి జాకెట్టంతా.

ఆగస్టు 10

యూనివర్సిటీకి వెళ్ళాను. అక్కడ పాత ఫ్రిజ్‌లో ఏదో మూల ఒక ట్యూబైనా మిగిలి ఉంటుందని. ఎవర్నీ అడుక్కోనని ఒట్టు పెట్టుకున్న చోట, గుమాస్తా బల్ల ముందు నిలబడి అడుక్కున్నాను. "మీరు వెళ్ళాక అవన్నీ ఉడకబెట్టి పారేశామండి. చోటు కావాలి కదా." మర్యాదగానే చెప్పాడు. టీ కూడా తెప్పించాడు.

కారిడార్‌లో ఆ పేరున్న బోర్డు. ప్రొఫెసరు అని. చూడకుండా నడిచాను. చూశాను.

అంటే ఇప్పుడు నా ఈస్ట్ ప్రపంచంలో ఒకేచోట ఉంది. ప్లాంటు ల్యాబులో, ఎడమ పక్క ఫ్రీజరులో, మధ్య అరలో. తోపుల్లో మొదటి లొట్టి మళ్ళీ తెచ్చుకోవచ్చు. వేడికి అలవాటు చేసిన ఆ ఇరవై ఏళ్ళు ఏ తోపులోనూ దొరకవు. నాకు యాభై రెండు.

ఆగస్టు 12

అధికారుల ఉత్తర్వు వచ్చింది. డ్రయ్యర్ పెట్టేదాకా ప్లాంటు మూయాలి.

అక్క ఊళ్ళో సంబరమట. నాకు ఎవరూ చెప్పలేదు, పేపర్లో చదివాను. నా పేరు కూడా ఉంది, తప్పుగా.

మధ్యాహ్నం ఒక ఫోను. ఆ పేటలో ఎవరో కుర్రాడి తల్లి. నంబరు అక్క ఇచ్చిందో లేదో.

"మీరేనాండి ఫ్యాక్టరీ మేడమ్? నిజం చెప్పారంటండి, సంతోషం. మరి ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకున్నారాండి? మా వాడు ఆస్పత్రిలో ఉన్నాడండి."

ఏ ఆస్పత్రి అని అడిగాను. చెప్పింది. వార్డు కూడా అడిగి రాసుకున్నాను.

ఆగస్టు 13

ఆస్పత్రికి వెళ్ళాను. పిల్లాడు నిద్రపోతున్నాడు, సెలైను. కొబ్బరిబోండాలు పక్కన పెట్టాను. ఆవిడ వద్దనలేదు. కూర్చోమనీ అనలేదు. గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆగస్టు 15

రేడియో, జెండా పాటలు, పక్క ఫ్లాటు వాళ్ళ చికెన్ వాసన. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆగస్టు 16

ఎండీ గారు స్వయంగా ఫోను చేశారు. గొంతులో కోపం లేదు. ఈయనకి కోపం ఖర్చు.

"సుజాత గారూ, బాయిలర్ ఆపేశాం. కరెంటు రేపు సాయంత్రం కట్ చేస్తారు. జనరేటరు ఒక ఫ్రీజరు కోసం నడపలేను కదండి. మీ వస్తువు పాడవడం నాకూ ఇష్టం లేదు."

ఏం కావాలని అడిగాను.

"కలెక్టరాఫీసులో ఒక్క మాట. ఆ రోజు ఆవేశంలో అన్నాను, డ్రయ్యర్ ఆర్డరు అప్పటికే పెట్టారు, నాకు తెలియదు — అని. మేం ఈ వారం పెట్టేశాం కూడా లెండి, ముందు తేదీతో. అది చెప్పేసి వస్తే మీ కల్చర్ డబ్బాలన్నీ ఐసులో పెట్టి మీ చేతికిస్తాడు శ్రీనివాస్. ఒప్పందం కూడా రద్దు చేస్తాను. ఎక్కడికైనా తీసుకెళ్ళండి."

"మీరు ప్లాంటు తెరుస్తారు."

"తెరుస్తామండి. డ్రయ్యర్ వచ్చేదాకా కొంచెం జాగ్రత్తగా."

కొంచెం జాగ్రత్తగా. అంటే రాత్రిళ్ళు వదులుతారు.

రేపు పదింటికి కారు పంపుతానన్నారు. సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. అది ఆయన గమనించారు, నాకు తెలుసు.

ఆ మనిషిని ద్వేషించడం చాలా తేలిక. ఎంత ద్వేషించినా ఫ్రీజరు ఆయన చేతుల్లోనే ఉంది.

ఆగస్టు 16, సాయంత్రం

అక్క వచ్చింది.

రాజమండ్రి ఫ్లాటుకి ఎప్పుడూ రాలేదు. నడిచి మెట్లెక్కి వచ్చింది, చెమటతో, గొడుగుతో. ఏమీ తేలేదు. ఏ ఇంటికెళ్ళినా అరటిపళ్ళైనా పట్టుకెళ్ళే మనిషి. కుర్చీలో కూర్చుని గది చుట్టూ చూసింది. నూకల గోతం ఇంకా గోడవార అలాగే ఉంది. దాన్ని కూడా చూసింది.

ఎండీ ఫోను సంగతి చెప్పాను. అంతా. దాయలేదు.

గొడుగు కుర్చీకి ఆనించింది. తర్వాత —

"ఆ ఈస్టు లేకపోతే నువ్వేం చేస్తావు?"

"ఏమీ లేదక్కా. ఏమీ చేయడానికి ఉండదు."

"అయితే వెళ్ళి చెప్పు. పొరపాటైందని చెప్పు. నీది నువ్వు తెచ్చుకో."

"మరి మీ డ్రైను?"

"మాది మేం చూసుకుంటాం. నువ్వు నోరు విప్పకముందు మాకు నోరు లేదనుకున్నావా? మళ్ళీ వెళ్తాం. మళ్ళీ కూర్చుంటాం." లేచి గొడుగు తీసుకుంది. "నీ మాట మీద ఆధారపడి బతకాలా మేం?"

"అక్కా, ఇది కోపంతో అంటున్నావా, నిజంగా వెళ్ళమంటున్నావా?"

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆగింది. నా మొహం చూసింది. చిన్నప్పుడు నేను డిక్టేషను తప్పు రాస్తే చూసేదే ఆ చూపు, తప్పు ఎక్కడో చెప్పకుండా, నేనే కనుక్కోవాలని.

"బావ కాళ్ళు తగ్గుముఖం పట్టాయి" అంది. "నీళ్ళు వదలడం ఆపాక." అంతే. మెట్లు దిగిపోయింది. బస్సు ఎక్కించడానికి వెనకాలే దిగాను. వద్దంది. ఆటో పిలుచుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టు 17

తెల్లారింది. నిద్ర లేదు.

కలెక్టరాఫీసుకి ఎలాగూ వెళ్ళాలి. ఎండీ గారు అడిగిన ఆ ఒక్క మాట చెప్పడానికో, ముందు తేదీతో పెట్టిన ఆర్డరు గురించి చెప్పడానికో. రెండింటికీ అదే మెట్లు, అదే గుమ్మం, అదే అధికారి.

ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకున్నాను. ఈస్ట్ తెచ్చుకోవడానికి ఐసు డబ్బా కడిగి గుమ్మం దగ్గర పెట్టాను. తర్వాత తీసి లోపల పెట్టాను.

కింద కారు హారను. పది ఇంకా కాలేదు —